కారు ముందు నుంచి ‘టక్ టక్’ సప్పుడు వస్తోందా? పార్ట్ మార్చే ముందు ఫోన్ బయటికి తీయండి

మీ ఇంట్లో పదేళ్లు దాటిన కారు ఉందా? గతుకు రోడ్డు ఎక్కగానే ముందు చక్రాల దగ్గర్నుంచి "టక్ టక్" అనో, "దడ్" అనో వినిపిస్తోందా? అయితే ఈ ఆర్టికల్ పూర్తిగా చదవండి. ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించి రాసే చోట కారు సస్పెన్షన్ గొడవేంటి అనుకోవద్దు. మా కారులో ఆ సప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చివరికి దొరికింది రీల్స్ కోసం కొన్న వైర్‌లెస్ కాలర్ మైక్‌తో, ఫోన్‌లో ఉన్న స్లో మోషన్ కెమెరాతో. కాకపోతే ఆ ఆలోచన వచ్చింది దాదాపు ఎనిమిది వేలు దండగ పెట్టాక!

మాది భైంసా. కారు బాపుది, 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్. మీటర్ లక్ష దాటి చాలా రోజులైంది. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే ఈ వయసులో ఈ సప్పుడు ఏ బ్రాండ్‌లోనైనా వస్తుంది. వానాకాలం అయిపోయే టైమ్‌లో మొదలైంది. మొదట చిన్నగా, తర్వాత పాట పెట్టినా వినపడేంత. ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే అక్కడి అన్న బానెట్ మూలన రెండుసార్లు నొక్కి చూసి, "షాకప్సులు పోయినయ్ తమ్మీ, రెండూ మార్చాలె" అన్నాడు. మార్పించాం. లేబర్‌తో కలిపి 7,800 రూపాయలు. ఇంటికి వస్తుంటే అదే గల్లీ, అదే గతుకు, అదే టక్ టక్.

బాపు పక్క సీట్లో కూర్చుని నా వైపు చూసిండు. "ఏందిరా, పైసలు పెట్టినంక గూడ గదే సప్పుడు?"

తీసేసిన పాత షాక్ అబ్జార్బర్లు డిక్కీలో పెట్టి ఇచ్చారు కాబట్టి ఇంటికొచ్చాక చూశాను. ఒక్క చుక్క ఆయిల్ కారలేదు. రాడ్ పట్టుకుని లోపలికి నొక్కితే రెండూ ఒకేలా, గట్టిగానే దిగుతున్నాయి. అంటే బాగున్నవే తీసి పక్కన పడేశాం. పైసల సంగతి అలా ఉంచితే, అమ్మని నెలకోసారి చెకప్ కోసం బాసర మీదుగా నిజామాబాద్ తీసుకెళ్లేది ఈ కారులోనే. ముందు చక్రం దగ్గర ఏం కొట్టుకుంటోందో తెలియకుండా గోదావరి బ్రిడ్జి దాటడం నాకైతే నచ్చలేదు.

చెవి ఎందుకు మోసపోతుంది?

గాలిలో సౌండ్ సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఉక్కులో దాదాపు 5,000 మీటర్లు. కారు బాడీ మొత్తం ఒకదానికొకటి వెల్డింగ్ చేసిన ఉక్కు రేకులే కదా. కుడి చక్రం దగ్గర ఏదైనా కొట్టుకుంటే ఆ దెబ్బ రేకుల గుండా డ్యాష్‌బోర్డ్ అంతా పాకి, ఎక్కడ ప్లాస్టిక్ వదులుగా ఉంటే అక్కడ గట్టిగా మోగుతుంది. మనకి వినిపించేది దెబ్బ తగిలిన చోటు కాదు, మోగిన చోటు. నాకు మూడు వారాలు "ఎడమ పక్క, కచ్చితంగా ఎడమ పక్కే" అనిపించింది. తప్పు అని తర్వాత తేలింది.

దానికి తోడు ముందు సస్పెన్షన్‌లో కొట్టుకోగల భాగాలు చాలా ఉన్నాయి. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీర్ 1940ల్లో జనరల్ మోటార్స్‌లో ఒక చిన్న కారు కోసం దీని మీద పని మొదలుపెట్టాడు. ఆ కారు మార్కెట్‌కే రాలేదు. 1947లో ఆయన ఫోర్డ్‌కి మారాడు, డిజైన్ అక్కడ కార్లలోకి ఎక్కింది. తక్కువ జాగా, తక్కువ భాగాలు, తక్కువ ఖర్చు. అందుకే ఇప్పటికీ అదే నడుస్తోంది.

దీన్ని ఇలా ఊహించుకోండి. చక్రాన్ని పట్టుకుని ఒక నిలువు స్తంభం ఉంటుంది. అందులోనే షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగ్. స్తంభం పై కొస బానెట్ కింద బాడీకి ఒక రబ్బర్ మౌంట్, బేరింగ్‌తో బిగించి ఉంటుంది. కింద చక్రాన్ని లోపలి వైపు నుంచి పట్టుకునేది లోయర్ ఆర్మ్. ఆర్మ్ లోపలి కొసన రబ్బర్ బుష్‌లు, బయటి కొసన బాల్ జాయింట్. స్టీరింగ్ నుంచి వచ్చే టై రాడ్ చక్రాన్ని తిప్పుతుంది. ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, అదే స్టెబిలైజర్ బార్. దాని రెండు కొసలనూ స్ట్రట్‌కో ఆర్మ్‌కో కలిపే చిన్న ముక్కలు స్టెబిలైజర్ లింకులు. కొన్ని పాత చిన్న కార్లలో ఈ లింకులు ఉండవు, బార్ నేరుగా ఆర్మ్‌లోకే దూరుతుంది.

ఇందులో ఉక్కు, ఉక్కు కలిసే ప్రతి చోటా మధ్యలో రబ్బరో, గ్రీజు నింపిన గుండ్రటి బాలో ఉంటుంది. రబ్బర్ పగిలినా, గ్రీజు పోయినా ఉక్కుకి ఉక్కు తగులుతుంది. సప్పుడంటే అదే. రబ్బర్‌కి కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా లెక్కే. ఎండలో నిలబెట్టి ఉంచిన కారుకి కూడా బుష్‌లు పగుళ్లిస్తాయి.

ఇక మన నేల సంగతి. భైంసా, ముధోల్ వైపంతా నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు పైకి బాగానే కనిపించినా అలలు అలలుగా అవుతుంది, ఒక చక్రం పైకి లేస్తే ఇంకో చక్రం కిందికి దిగుతుంది. బాల్ జాయింట్ మీదుండే రబ్బర్ టోపీ ఎక్కడైనా చిరిగిందంటే ఈ నల్ల బురద లోపలికి పోతుంది. ఎండిపోయాక అది గ్రీజు కాదు, ఉప్పు కాగితం.

"సప్పుడు ఎప్పుడొస్తది? అది చెప్పు ముందు"

రెండోసారి నేను వెళ్లింది వేరే మెకానిక్ దగ్గరికి. బాపుకి పాత పరిచయం. ఆయన కారు ముట్టుకోలేదు, అడిగిన మొదటి మాట ఇదే. నేను "అన్నా, ఎప్పుడూ వస్తది" అన్నాను. "ఎప్పుడూ రాదు తమ్మీ. రెండు రోజులు తిరిగి చూసి రా" అని పంపించేశాడు. అప్పుడు కోపమొచ్చింది కానీ, ఫోన్‌లో యాప్ క్రాష్ అయితే మనం కూడా ఇదే కదా అడిగేది! ఏ బటన్ నొక్కితే క్రాష్ అవుతోంది? ప్రతిసారీ అవుతోందా? మళ్లీ మళ్లీ రప్పించగలిగితేనే బగ్ దొరుకుతుంది.

మొదట డిక్కీ ఖాళీ చేయండి. నవ్వకండి, స్టెప్నీ, జాకీ, పానాలు, బానెట్ కింద బ్యాటరీ క్లాంప్, ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవర్, నంబర్ ప్లేట్, ఇవన్నీ అచ్చం సస్పెన్షన్‌లాగే మోగగలవు. తర్వాత ఏసీ ఫ్యాన్, పాటలు బంద్ చేసి, అద్దాలు ఎక్కించి, ట్రాఫిక్ లేని ఒకే రోడ్డు ముక్క మీద 15–20 కి.మీ. వేగంతో పదే పదే తిరగండి.

నాకు బాగా పనికొచ్చింది స్పీడ్ బ్రేకర్ టెస్ట్. ఒకసారి స్పీడ్ బ్రేకర్‌ని నిటారుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటండి. ఇంకోసారి ఏటవాలుగా, ముందు ఒక చక్రం, తర్వాత ఇంకోటి ఎక్కేలా దాటండి. రెండూ ఒకేసారి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడదు, తన బుష్‌లలో తాను తిరుగుతుందంతే, లింకుల మీద పెద్దగా బరువు పడదు. ఒక చక్రమే లేస్తే బార్ మెలితిరుగుతుంది, ఆ బలమంతా లింకు గుండానే పోవాలి. లింకులో బాల్ అరిగి ఖాళీ ఉంటే అప్పుడే అటూ ఇటూ కొట్టుకుంటుంది. నిటారుగా వెళ్తే నిశ్శబ్దం, ఏటవాలుగా వెళ్తే టకటక అంటే అనుమానం మొదట లింకుల మీద, తర్వాత బార్‌ని బాడీకి పట్టే బుష్‌ల మీద. మా కారులో సరిగ్గా ఇదే జరిగింది. నిటారుగా దాటినప్పుడు ఏమీ లేదు. ఏటవాలుగా దాటితే టకటకటక. షాక్ అబ్జార్బర్ పోయి ఉంటే రెండు రకాలుగానూ వినిపించాలి కదా. ఈ ఒక్క టెస్ట్ ముందే చేసి ఉంటే 7,800 మిగిలేవి.

ఇలాంటివే ఇంకొన్ని. గతుకుల మీద టకటక వస్తుండగా బ్రేక్ పెడల్‌ని కొద్దిగా, కారు ఆగనంత మెల్లగా తొక్కి చూడండి. సప్పుడు టక్కున ఆగిపోతే అది సస్పెన్షన్ కాకపోవచ్చు, బ్రేక్ ప్యాడ్లో క్యాలిపర్ పిన్నులో వదులయ్యాయి. పెడల్ తొక్కగానే అవి బిగుసుకుంటాయి కాబట్టి నోరు మూసుకుంటాయి. ఖర్చు తక్కువ, చాలామందికి తట్టదు.

బ్రేక్ వేసిన క్షణంలో ఒక్క "దడ్", రివర్స్‌లో వెళ్లి బ్రేక్ వేస్తే మళ్లీ ఒక్క "దడ్" వస్తే లోయర్ ఆర్మ్ బుష్ చూడాలి. ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరుగుతోందన్నమాట. క్లచ్ వదలగానే వస్తే మాత్రం ఇంజిన్ మౌంట్ వైపు చూడండి. కారు నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే "టంగ్" మని స్ప్రింగ్ విదిలించినట్టు వస్తే స్ట్రట్ పైన మౌంట్ బేరింగ్. ఫ్రెండ్‌ని స్టీరింగ్ తిప్పమని మీరు బానెట్ తెరిచి స్ట్రట్ పై భాగం మీద చెయ్యి పెడితే ఆ కుదుపు చేతికి తెలుస్తుంది (స్ప్రింగ్ చుట్ల మధ్య వేళ్లు పెట్టొద్దు). స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు మాత్రమే "టిక్ టిక్ టిక్" అంటే అది డ్రైవ్ షాఫ్ట్ జాయింట్, వేరే కథ.

ఇప్పుడు గ్యాడ్జెట్లు

టైప్-సి రిసీవర్‌తో రెండు కాలర్ మైకులు వచ్చే కిట్లు ఇప్పుడు రీల్స్ చేసే ప్రతి ఒక్కరి దగ్గరా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి స్టీరియో మోడ్ ఉంటుంది, అంటే ఒక మైక్ ఎడమ ఛానల్‌లో, ఇంకోటి కుడి ఛానల్‌లో విడివిడిగా రికార్డ్ అవుతాయి. ఆ మోడ్ లేకపోతే రెండూ కలిసిపోయి మోనోలో వస్తాయి. అప్పుడు ఒకే మైక్‌తో ఒకసారి ఎడమ, ఒకసారి కుడి పెట్టి, అదే రోడ్డు మీద అదే వేగంతో రెండు రౌండ్లు వేయాలి.

బానెట్ తెరిస్తే ఇంజిన్ బేలో రెండు పక్కలా స్ట్రట్ పై కొసలు గుండ్రంగా కనిపిస్తాయి. ఎడమ దాని పక్కన ఒక మైక్, కుడి దాని పక్కన ఇంకోటి, మంచి టేపుతో అంటించాను. బెల్టు, ఫ్యాన్, సైలెన్సర్ పైపు దరిదాపుల్లోకి వెళ్లొద్దు. మైకులో ఉండేది చిన్న లిథియం బ్యాటరీ, ఇంజిన్ వేడి దానికి పడదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి ఐదు నిమిషాల్లో ముగించి తీసేయండి. గాలి హోరు తగ్గడానికి కిట్‌తో వచ్చే బొచ్చు టోపీ తగిలించండి.

రెండు సెట్టింగ్స్ తప్పకుండా మార్చాలి. ఒకటి, నాయిస్ క్యాన్సిలేషన్ ఆఫ్. మాట తప్ప మిగతాదంతా చెరిపేయడమే దాని పని, మనకి కావాల్సింది ఆ చెరిపేసేదే. రెండు, ఆటో గెయిన్ ఆఫ్. అది ఆన్‌లో ఉంటే చిన్న సౌండ్‌ని పెంచి, పెద్ద సౌండ్‌ని తగ్గించి రెండిటినీ సమానం చేసేస్తుంది. ఇక పోల్చడానికి ఏం మిగులుతుంది?

బయల్దేరే ముందు ఒక క్యాలిబ్రేషన్. రికార్డింగ్ ఆన్ చేసి, ఫ్రెండ్‌ని సుత్తి చెక్క పిడితో ఎడమ లోయర్ ఆర్మ్ మీద నాలుగు దెబ్బలు, కుడి దాని మీద నాలుగు దెబ్బలు కొట్టమనండి. ఎడమ కొడితే ఎడమ ఛానల్ ఎంత ఎక్కువ చూపిస్తుందో ముందే తెలుస్తుంది. నా కిట్‌లో కొట్టిన వైపు గీత అవతలి వైపు కంటే దాదాపు రెట్టింపు ఎత్తు వచ్చింది. రెండు మైకుల మధ్య తేడా లేదని నమ్మకం కావాలంటే వాటిని అటూ ఇటూ మార్చి మళ్లీ చూడండి.

తర్వాత రోడ్డు మీద రెండు రౌండ్లు. ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండు ఛానల్స్ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఏ దెబ్బ ముందు చేరిందో టైమ్ చూసి చెప్పొచ్చేమో అని మొదట ఆశపడ్డాను. కుదరదు. రెండు స్ట్రట్‌ల మధ్య దూరం మీటర్‌కి అటూ ఇటూ, ఉక్కులో ఆ దూరం దాటడానికి సెకనులో ఐదు వేలో వంతు చాలు, వైర్‌లెస్ మైకుల మధ్య ఉండే చిన్న ఆలస్యమే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి టైమ్ వదిలేసి ఎత్తు చూడండి. నా రికార్డింగ్‌లో టకటక వచ్చిన ప్రతిచోటా కుడి ఛానల్ గీతలే పొడుగ్గా లేచాయి. ఎడమ అనుకున్నది కుడి. మూడు వారాలు నేను విన్నది గ్లవ్ బాక్స్ మోత అన్నమాట!

అదే రికార్డింగ్‌లో ఇంకోటి కూడా కనిపించింది. టకటకల మధ్య రెండు మూడు చోట్ల, మలుపులో గతుకు తగిలినప్పుడు, లావుగా ఒక్క దెబ్బ. అది ఎడమ ఛానల్‌లో ఎక్కువ ఉంది. దాన్ని అప్పుడు పట్టించుకోలేదు.

ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ వాడొచ్చా అని అడుగుతారేమో. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ సెన్సర్ రీడింగ్స్‌ని గ్రాఫ్‌గా చూపిస్తుంది. కానీ లోహం కొట్టుకునే సౌండ్ వందలు, వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది, ఫోన్ సెన్సర్ సెకనుకు కొన్ని వందల రీడింగ్స్ మాత్రమే తీసుకుంటుంది. ఆండ్రాయిడ్ 12 కోసం చేసిన యాప్‌లకైతే ప్రత్యేక పర్మిషన్ లేకపోతే 200 దగ్గరే ఆగిపోతుంది. టకటక దాంట్లో దొరకదు. అది పనికొచ్చేది షాక్ అబ్జార్బర్‌కి. కారు బాడీ ఊగేది సెకనుకు ఒకటి రెండు సార్లే. ఫోన్‌ని బానెట్ మీద టేపుతో అంటించి, ఆ మూలని మూడుసార్లు నొక్కి వదిలేయండి. గ్రాఫ్‌లో ఒక అల పైకి లేచి వెంటనే చదునైతే షాక్ పర్లేదు, మూడు నాలుగు అలలు కనిపిస్తే పోయింది. వర్క్‌షాప్‌లో చేత్తో నొక్కి చూసేది ఇదే టెస్ట్. పూర్తిగా చచ్చిపోయినవే ఇందులో బయటపడతాయి, సగం అరిగినవి తప్పించుకుంటాయి. అందుకే నొక్కి చూసి వెంటనే తీర్పు చెప్పేవాళ్లని కొంచెం ఆపి, ఆయిల్ తడి ఎక్కడుందో చూపించమని అడగండి.

చేత్తో ఊపి చూసే పద్ధతి

రికార్డింగ్, స్పీడ్ బ్రేకర్ సంగతి రెండూ పట్టుకుని రెండో అన్న దగ్గరికి వెళ్లాను. ఇయర్‌బడ్స్ పెట్టుకుని విన్నాడు, నవ్విండు. "కుడి పక్క లింకే. సూద్దాం పా" అన్నాడు. కుడి చక్రం జాకీ మీద లేపుతాడేమో అనుకున్నా. లేపలేదు. కారుని చదునుగా నిలబెట్టి, చక్రం వెనక నుంచి చెయ్యి దూర్చి లింకు పట్టుకుని గబగబా ఊపాడు. టకటక. నేను 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో తీశాను. మామూలు కంటికి ఏమీ కనిపించలేదు, స్లో మోషన్‌లో లింకు కొసన బాల్ దాని గూట్లో ఎగిరెగిరి పడుతోంది.

ఎందుకు లేపలేదో తెలుసుకోండి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఒక్క చక్రమే గాల్లో ఉంటే బార్ మెలితిరిగి లింకుని బిగబట్టి ఉంచుతుంది, ఎంత అరిగినా ఊగదు. "లింకులు బాగున్నయ్" అనేస్తారు. రెండు చక్రాలూ నేల మీదైనా ఉండాలి, లేదా రెండూ ఒకేలా గాల్లోనైనా ఉండాలి.

లింకులు జతగా మార్చాం. పార్ట్స్, లేబర్ అన్నీ కలిపి 1,600. టకటక పూర్తిగా పోయింది. ఇంటి దారిలో బాపు ఏమీ అనలేదు, అంటే సంతోషమే.

కానీ బాసర రోడ్డు మలుపులో "దడ్". ఆ రికార్డింగ్‌లో ఎడమ పక్క కనిపించిన లావు గీత అది. ఇన్నాళ్లూ లింకుల టకటక దాన్ని కప్పేసింది. పాత కార్లలో ఇది మామూలే, పెద్ద సప్పుడు పోయాకే చిన్నది వినపడుతుంది. అయితే ఈసారి చిన్నదే ప్రమాదకరమైనది.

బాల్ జాయింట్: దీన్ని వాయిదా వేయొద్దు

లింకు విరిగితే మలుపుల్లో కారు కాస్త ఎక్కువ వాలుతుంది, సప్పుడు చేస్తుంది, మెల్లగా ఇల్లు చేరొచ్చు. లోయర్ బాల్ జాయింట్ ఊడితే అలా కాదు. చక్రాన్ని కింద పట్టుకున్నది అదొక్కటే. బాల్ గూటిలోంచి బయటికి వస్తే చక్రం పక్కకి మడిచేసుకుంటుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా కారు మన చేతిలో ఉండదు. పైగా లోపల అరుగుతున్నంత కాలం అది చేసే గోల చాలా తక్కువ.

దీన్ని చూడాలంటే మాత్రం చక్రం గాల్లోకి లేవాలి. మెక్‌ఫర్సన్‌లో కారు బరువు స్ట్రట్ మీద పడుతుంది కాబట్టి చక్రం వేలాడుతున్నప్పుడు బాల్ జాయింట్ మీద బరువు ఉండదు, ఖాళీ ఉంటే తెలుస్తుంది. గట్టి నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డం పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ పెట్టాకే చెయ్యి పెట్టండి. నల్లరేగడి మట్టి మీద, అదీ వాన పడ్డాక, జాకీ మెల్లగా దిగిపోతుంది. కింద దళసరి చెక్క పలక వేసినా సరే, ఒంటి జాకీని నమ్మి కారు కిందికి తల పెట్టొద్దు. ఇటుకలు, రాళ్లు స్టాండ్ కావు.

చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెల దగ్గర పట్టుకుని ఊపండి. ఊగితే అది బాల్ జాయింట్ కావొచ్చు, వీల్ బేరింగ్ కావొచ్చు. తేడా తెలియాలంటే లోపల కూర్చున్న ఫ్రెండ్‌ని బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కితే డిస్క్‌నీ, దాన్ని మోసే నకుల్‌నీ క్యాలిపర్ ఒకటిగా కట్టేస్తుంది, బేరింగ్‌లో ఖాళీ మాయమవుతుంది. అప్పటికీ ఊగుతోందంటే బాల్ జాయింట్. 3, 9 దగ్గర పట్టుకున్నప్పుడు ఊగితే టై రాడ్ ఎండ్ వైపు చూడాలి. ఇక్కడ కూడా ఎవరైనా ఊపుతుంటే జాయింట్‌ని దగ్గర నుంచి స్లో మోషన్ తీయండి. ఎక్కడ కదులుతోందో వాదించాల్సిన పని ఉండదు.

మాది బ్రేక్ తొక్కినా ఊగింది. రబ్బర్ టోపీ ఒక పక్క చిరిగి ఉంది, లోపల గ్రీజు బదులు ఎండిన నల్ల మట్టి. మొదటి వర్క్‌షాప్‌లో షాక్ అబ్జార్బర్లు మార్చినప్పుడు ఇదే చక్రం విప్పారు, ఇదే జాయింట్ పక్కన పానా పెట్టారు. సప్పుడుకి కారణం ముందే తేల్చేసుకుంటే కళ్ల ముందున్నది కూడా కనపడదు. "నిజామాబాద్ పోయేది ఎప్పుడు?" అని అన్న అడిగాడు. గురువారం అన్నాను. "గీ బండి ఇక్కణ్నే ఉండనీ. బస్సుల పోండ్రి" అన్నాడు. బస్సులోనే వెళ్లాం.

కొన్ని కార్లలో బాల్ జాయింట్ విడిగా దొరుకుతుంది, కొన్నిటిలో ఆర్మ్‌తో కలిపే వస్తుంది. మాది రెండో రకం. ఆర్మ్ మొత్తం మార్చాలి, బుష్‌లు కూడా కొత్తవే వస్తాయి కాబట్టి పోనీలే అనుకున్నాను. పాత పార్ట్ మీద ఉన్న నంబర్ ఫోటో తీసి, కొత్త డబ్బా మీద నంబర్‌తో పోల్చి చూసుకోండి. ఒకే మోడల్‌లో కూడా ఏడాది మారితే ఆర్మ్ మారుతుంది.

బిగించేటప్పుడు ఒకటి గమనించండి. ఆర్మ్ బుష్ బోల్టులని చక్రం గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేస్తే, కారు కిందికి దిగగానే రబ్బర్ మెలితిరిగి ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చిరిగిపోతుంది. ముందు వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. మా అన్న అడక్కుండానే అలా చేశాడు. మీ దగ్గర చేయకపోతే అడగండి. ఆర్మ్ గానీ టై రాడ్ గానీ మారిస్తే వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే కొత్త టైర్లు ఒక పక్క గుండు కొట్టించుకుంటాయి.

బిల్లు తీసుకునే ముందు అదే స్పీడ్ బ్రేకర్ మీద నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని దాటండి. రికార్డింగ్ ఉంచుకోండి, డిలీట్ చేయొద్దు. ఆరు నెలల తర్వాత ఏదైనా వినిపిస్తే, పాత ఫైల్ పక్కన పెట్టి చూస్తే అది కొత్త సప్పుడో పాతదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. విప్పి మళ్లీ బిగించిన బోల్టులు ఒక 500 కి.మీ. తిరిగాక మరోసారి చెక్ చేయించండి. మాది చేయిస్తే స్ట్రట్ బోల్టు ఒకటి పావు చుట్టు తిరిగింది.